ఆటగాని కూలి

సంక్రాంతి మొదలు ఉగాది దాటువరకు నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో బండలాగుడు పందెములు లేని తిరునాళ్ల అరుదు. పందెపుటెద్దును పెంచు రైతు దానికి చేయు ఉపచారము చూడదగినది. ఏడాది పొడవున ఉలవలు, పత్తిగింజలు, తప్పని సాధకము, కాలు కొంచెము కుంటినను పశువైద్యునికి కబురు. పండ్లనుబట్టి వయస్సు నిర్ణయించి, పాలపండ్ల గిత్తను ఆరుపండ్ల గిత్తతో పోటీకి దింపరు. గెలిచిన జత లక్షలు పలుకును. ఇదంతయు తప్పని మేమనము. చుట్టును తొమ్మిది నందులు వెలసిన నంద్యాలలో ఎద్దునకు గౌరవముండుట సహజమే.

కాని, అదే తిరునాళ్లలో, అదే దుమ్ములో చెడుగుడు ఆడిన కుఱ్ఱవానికి మనమిచ్చునదేమి? ఒక పూలదండ, ఒక షీల్డు, ఒక పూట భోజనము. ఆనాడు వానికి పోయిన కూలిని ఎవరును లెక్కింపరు. మోకాలికీలు తప్పినచో వానిని ఇంటికి మోసికొనిపోవువారు తోడి ఆటగాండ్రే. ఎద్దునకున్న పోషకుడు మనిషికి లేకుండుట మన ప్రాంతమునకు ప్రతిష్ఠ కాదు.

ఆట వినోదమేకదా, దానికి కూలి యేల, ధనము చేరినచో ఆట చెడదా అని కొందరు పెద్దలు ఆక్షేపింతురు. ఈ ఆక్షేపణ మన దేశములో పుట్టినది కాదు. దీనిని మొదట గట్టిగా పలికినవారు ఇంగ్లండులోని ధనికులు. దాని ఫలమెట్లుండెనో ఎరుగుట మనకు మేలు.

రగ్బీ యనునది కోలబంతిని చేతబట్టుకొని పరుగెత్తుచు, ఎదుటివారు ఒడిసిపట్టి నేలగూల్చుచుండగా తప్పించుకొని గీత దాటు ఆట. పట్టు, విడిపించుకొనుట, దెబ్బ, దమ్ము అను నాలుగింటిలో అది మన చెడుగుడుకు దగ్గరిది. ఉత్తర ఇంగ్లండులో బొగ్గుగనులలోను, మిల్లులలోను పనిచేయు కార్మికులు ఈ యాటలో ఆరితేరిరి. శనివారమునాడు ఆడబోయినచో వారి దినకూలి పోయెడిది. ఆ పోయిన కూలినైన ఇప్పింపుడని ఉత్తరాది సంఘములు అడుగగా, నిర్వాహక పెద్దలు అంగీకరింపలేదు. వారిలో పెక్కురు కలిగినయింటి బిడ్డలు. కూలి పోవుటయన నేమో వారికి తెలియదు. అందుచే 1895 ఆగస్టు 29వ తేదీన హడర్స్‌ఫీల్డు పట్టణములోని జార్జి హోటలులో ఉత్తరాది సంఘములు సమావేశమై వేరుపడినవి. మొదటి సంవత్సరమున 22 సంఘములు పోటీలలో దిగినవి. పోయిన పనికి దినమునకు ఆరు షిల్లింగులకు మించని పరిహారము వారు విధించుకొన్న నియమము. నేటి రగ్బీ లీగు పుట్టుక యిదియే. ఆరు షిల్లింగుల కూలి కొఱకు ఒక ఆట రెండుగా చీలినది!

1898లో వారు జీతమునకు ఆడుటను బాహాటముగా అనుమతించిరి. కాని ఆ యనుమతికి ఒక షరతు పెట్టిరి: ఆటగాడు వేరొక న్యాయమైన వృత్తిలో ఉండవలెను. నిర్బంధముగా అది కఠినమైనదే; ఆ షరతు చాలకాలము నిలువలేదు. కాని అందులోని వివేకము మాత్రము మనకు పనికివచ్చును. అటు కూలిని నిరాకరించిన శాఖయో, 1995 ఆగస్టులో, సరిగా నూరేండ్లకు, తానును జీతపు ఆటకు తలయొగ్గినది. నూరేండ్ల పట్టుదల వలన మిగిలినదేమి? జీతము పుచ్చుకొన్నారను నేరమునకు ఎందరో బీదయాటగాండ్రు వెలియైరి, అంతే.

ఈ జీతపు ఆటగాని బ్రతుకు ఎట్టిదో బిల్లీ బోస్టన్ చరిత్ర తెలుపును. ఆయన 1934లో వేల్స్ దేశపు కార్డిఫ్ రేవుపట్టణమున పుట్టెను. తండ్రి ఆఫ్రికా నుండి వచ్చిన ఓడకూలి. వర్ణవిభేదము ప్రబలియున్న ఆ దినములలో సొంతయూరి పెద్దజట్టు తలుపు ఆయనకు తెరువబడలేదు. 1953లో విగన్ సంఘము 3,000 పౌనులిచ్చి చేర్చుకొన్నది. ఆ సంఘము పక్షమున ఆయన 478 మార్లు గీత దాటి బంతిని నేలకు తాకించెను. మొత్తము లెక్క 571. బ్రిటను జట్టునకు 31 పోటీలాడెను. ఆట మానిన పిదప విగన్‌లోనే ఒక మద్యశాల నడుపుకొనెను. 2025 జూన్‌లో ఆయనకు సర్ బిరుదము లభించినది. నూటముప్పదియేండ్ల రగ్బీ లీగు చరిత్రలో ఆ బిరుదమందినవాడు ఆయనయే మొదటివాడు! అప్పటికి ఆయనకు తొంబదియేండ్లు. కూలివాని ఆటకు గౌరవము ఎంత ఆలస్యముగా నడచివచ్చునో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

ఆ యాటలోని నష్టమును దాచుటయు తగదు. తలకు తగిలిన దెబ్బలవలన నడివయస్సుననే మతిమరపు ఆవరించినదని మాజీ ఆటగాండ్రు పెక్కురు ఇటీవల నిర్వాహక సంఘములపై వ్యాజ్యమునకు దిగిరి. దేహమును పెట్టుబడిగా పెట్టి చేయు వృత్తికి, దేహము చెడినప్పుడు రక్షణ యుండవలెనను న్యాయము అచటకూడ ఇంకను పూర్తిగా కుదురలేదు.

ఇక మనవారి విషయము. తెలుగు కుటుంబమునకు చెంది, సరిగా ఆ 1895లోనే నాగపూరున జన్మించిన కొఠారి కనకయ్యనాయుడు భారత క్రికెట్టునకు తొలి టెస్టు నాయకుడు. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై 153 పరుగులు చేసి, 11 సిక్సరులు కొట్టెను. 1932లో లార్డ్స్ మైదానమున మన జట్టును నడిపెను. అరువదియేండ్లు దాటినను రంజీ పోటీలాడెను. ఆ ప్రతిభ అంతకాలము నిలిచినది దేనివలన? 1923లో ఇందూరు హోల్కరు మహారాజు ఆయనను పిలిపించి, తన సైన్యములో ఉద్యోగమిచ్చి నిలిపినందున. ప్రతిభ ఆయనది, తీరిక రాజుది. సంస్థానములు పోయినవి. ఆ పోషకత్వము కొంత రైల్వేలకు, పోలీసు, సైనికశాఖలకు సంక్రమించినది; 2014 నుండి ప్రొ కబడ్డీ లీగు రూపమున వ్యాపారులకును సంక్రమించినది.

ఈ లీగులో 2023లో తెలుగు టైటన్స్ జట్టు పవన్ సెహ్రావత్‌ను రెండుకోట్ల అరువదిలక్షల యేబదివేల రూపాయలకు వేలములో పాడుకొన్నది. చెడుగుడు ఆటగానికి కోట్లా యని ఆశ్చర్యపడినవారు దానికి ముందటి సంగతి కూడ జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 2022లో తమిళ జట్టు ఆయననే రెండుకోట్ల ఇరువదియారులక్షలకు కొనగా, మొదటి పోటీలోనే మోకాలికి దెబ్బ తగిలి ఆ సంవత్సరమంతయు ఆటకు దూరమయ్యెను. అంతటివాడు తేరుకొని మరల ఆడగలిగెను. అదే దెబ్బ ఆళ్లగడ్డ పల్లెలోని కూలివాని కుమారునికి తగిలినచో ఆటయు పోవును, చేనిపనియు పోవును. ఆళ్లగడ్డ శిల్పి ఉలి పట్టిన చేయి ముసలితనమున కూడ కూడుపెట్టును. చెడుగుడు ఆటగాని కాలు పదియేండ్లకు మించి కూడుపెట్టుట కష్టము.

మరియొక సంగతి గమనింపవలెను. తెలుగు పేరు ధరించిన ఆ జట్టునకు ప్రసిద్ధి తెచ్చిన ఆటగాండ్రలో పెక్కురు ఉత్తరదేశీయులు, మహారాష్ట్రులు. వారిని తెచ్చుకొనుట దోషము కాదు. మన కుఱ్ఱవారికి ఊపిరి తక్కువయా? కాదు. హర్యానా పల్లెలలో ఆట నేర్చుట ఉద్యోగమునకు దారియని తలిదండ్రులు నమ్ముదురు. మనవద్ద అది చదువు చెడుటకు దారియని నమ్ముదురు. ఉభయుల నమ్మకమును వారివారి అనుభవమునుండియే పుట్టినది.

2024లో మన రాష్ట్ర ప్రభుత్వము క్రీడాకారులకు ఉద్యోగములలో వాటాను నూటికి రెండునుండి మూడునకు పెంచినది. ఒలింపిక్ స్వర్ణమునకు ఏడుకోట్ల బహుమానమును ప్రకటించినది. ఇది హర్షణీయము. కాని చెడుగుడు ఒలింపిక్ ఆటలలో లేదు. నిచ్చెన పైమెట్టునకు బంగారు రేకు తాపించి, క్రిందిమెట్టు లేకుండ విడిచినచో పల్లెవాడు ఎక్కునదెట్లు? ఆ క్రిందిమెట్టు కట్టవలసినవారు సర్కారువారు కారు, మనమే.

అందులకు మేము కోరునవి నాలుగే. ఒకటి: పోటీ నడపు ప్రతి సంఘమును ఆటగానికి ఆ దినపు కూలియు, దారిఖర్చులును బహుమతితో నిమిత్తము లేకుండ ఇయ్యవలెను. రెండు: మైదానమున దిగు ప్రతివానికి ప్రమాద భీమా చేయింపనిదే పోటీ ఆరంభింపరాదు, పెద్దపందిరికయ్యెడి వ్యయముతో పోల్చినచో దాని రుసుము స్వల్పము. మూడు: నంద్యాలలోని విత్తనవ్యాపారులును, మిల్లుల యజమానులును తలకొక ఆటగానికి పని నేర్పి, సాధనకు తీరికయిచ్చి, జీతమియ్యవలెను. ఉత్తరాది రగ్బీవారు నిర్బంధముగా పెట్టిన వృత్తినియమమును మనము ఔదార్యముగా పాటింతము. నాలుగు: చందాల లెక్కలను తిరునాళ్ల ముగిసిన పక్షములోగా నలుగురికి తెలియునట్లు ప్రకటింపవలెను. లెక్క చెప్పని ధనమే ఆటను చెరచును. లెక్క చెప్పి యిచ్చిన కూలి చెరపదు.

నంద్యాల 2022లో జిల్లాకేంద్రమైనది. జిల్లా పేరున జట్లు ఇప్పుడు బయలుదేరుచున్నవి. ఆ చొక్కా తొడుగు కుఱ్ఱవాడు మన ఊరి పరువును తన మోకాళ్లపై మోయును. ఆ పరువు మనకు కావలసినచో దాని కూలి చెల్లింపవలెను. వచ్చు సంక్రాంతికి చందాపుస్తకము తెరచు పెద్దలు, ఎద్దుల బహుమతుల క్రింద ఆటగాండ్ర కూలికి ఒక పద్దు వ్రాయుదురుగాక. అది దానము కాదు; బాకీ.