హారను చెప్పిన జవాబు



కిందటి నెల బావిగిలక సంగతి చెప్పుకున్నాం కదా! ఈ నెల పాత మోటారు సైకిలు సంగతి చెబుతాను. మీలో కొందరి ఇళ్ళలో తాతగారిదో, మేనమామదో పాత బండి ఒకటి, వసారాలో గోనెపట్టా కప్పుకుని నిలబడి ఉంటుంది. నా దగ్గర కూడా అలాంటిది ఒకటి ఉండేది. అది ఒకనాడు నడిరోడ్డు మీద నాకు ఒక పాఠం నేర్పింది. ఆ పాఠంలో తప్పు చేసినవాణ్ణి హెడ్మాస్టరునైన నేను. దిద్దినవాడు పదోతరగతి పిల్లవాడు.

అది 2002వ సంవత్సరం, మార్చి నెల. మా బడి కడప జిల్లాలో, మైదుకూరుకు పన్నెండు కిలోమీటర్ల దూరాన ఉన్న ఒక పల్లెలో ఉండేది. పిల్లలకు పరీక్షా కేంద్రం మైదుకూరులో పడింది. ఆ రోజు లెక్కల పరీక్ష. తొమ్మిదిన్నరకు మొదలు.

ఉదయం ఎనిమిది గంటలకు ఒక పిల్లవాడు రొప్పుతూ మా ఇంటికి వచ్చాడు. "బస్సు ఎల్లిపాయ సార్!" అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. రాత్రంతా చదివి, తెల్లవారుజామున కునుకు తీశాడట. తల్లిదండ్రులు చీకటితోనే కూలికి వెళ్ళారు. లేపేవారు లేరు. మరో బస్సు పదకొండు దాకా లేదు.

"ఏడవకు. బండి ఎక్కు," అన్నాను.

నాలుగు కిలోమీటర్లు బాగానే నడిచింది. దారిలో గొర్రెల మంద అడ్డం వచ్చింది. అది తప్పుకున్నాక ఒక ఫర్లాంగు పోయామో లేదో, ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. అప్పుడు టైము ఎనిమిదీ ఇరవై. ఎన్నిసార్లు కిక్కు కొట్టినా ఉలుకూ పలుకూ లేదు.

పెట్రోలు చూశాను. ఉన్నది. ప్లగ్గు విప్పి ఇంజను మీద ఆనించి, పిల్లవాణ్ణి దూరంగా నిలబెట్టి, కిక్కు కొట్టి చూశాను. నిప్పురవ్వ రాలేదు.

ఈ రవ్వ ఎలా పుడుతుందో ఇక్కడ చెప్పుకుందాం. సిలిండరులోకి పెట్రోలు ఆవిరి, గాలి కలిసి వస్తాయి. పిస్టను వాటిని అదిమిపెడుతుంది. సరిగ్గా ఆ సమయానికి ప్లగ్గు కొన దగ్గర రవ్వ పుట్టి వాటిని అంటించాలి. నా బండి బ్యాటరీకి ఉన్నది 6 వోల్టులే. ప్లగ్గు కొనలో ఉన్న సందును దాటాలంటే కొన్ని వేల వోల్టులు కావాలి. ఆరును వేలుగా మార్చేది 'కాయిలు'. అందులో ఒక ఇనుప ముక్క చుట్టూ లావుతీగ చుట్లు కొన్ని, సన్నతీగ చుట్లు వేలకొద్దీ ఉంటాయి. లావుతీగలో పారే విద్యుత్తును చటుక్కున ఆపితే సన్నతీగలో వేల వోల్టులు పుడతాయి. అయస్కాంత బలం మారినప్పుడు తీగలో విద్యుత్తు పుడుతుందని 1831లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. ఆ సూత్రమే ఇది.

చటుక్కున ఆపే పని 'పాయింట్లు' అనే రెండు చిన్న లోహపు బిళ్ళలది. అవి కలుస్తూ విడిపోతూ ఉంటాయి. విడిపోయినప్పుడు వాటి మధ్య సందు సుమారు 0.4 మిల్లీమీటరు మాత్రమే. ఒక లెక్క చెయ్యండి. నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు చుట్లకు ఒక రవ్వ కావాలి. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకండుకు ఎన్ని రవ్వలు? ఇరవై అయిదు! ఇంత పని చేసే చోట మసి పట్టడం మామూలే.

అందుకని నేను కొత్త ప్లగ్గు పెట్టి చూశాను. రవ్వ లేదు. పాయింట్ల మూత విప్పి, శుభ్రమైన కాగితంతో తుడిచాను. అప్పుడూ లేదు. చెమటలు పట్టాయి. ఇరవై నిమిషాలు గడిచిపోయాయి. అటుగా ఎద్దులబండి మీద పోతున్న రైతు ఒకాయన, "ఏం సామీ, మొరాయించిందా?" అని నవ్వి, కావాలంటే పిల్లవాణ్ణి ఎక్కించుకుంటానన్నాడు. ఎద్దులు తొమ్మిదిన్నరకు మైదుకూరు చేరవు. "కాయిలే కాలిపోయి ఉంటుంది. మన పని అయిపోయింది," అన్నాను నాలో నేను.

అప్పుడు పిల్లవాడు మెల్లగా, "సార్, ఇందాక గొర్రెలు అడ్డమొచ్చినప్పుడు హారను గూడా పలకల్యా సార్," అన్నాడు.

నేను ఉలిక్కిపడ్డాను. నిజమే! మీట నొక్కాను, అది పలకలేదు. నోటితో అదిలించి ముందుకు పోయాను. ఆ సంగతి మళ్ళీ తలచుకోలేదు. ఇప్పుడు నొక్కితే హారను పలకలేదు. లైటు వేస్తే వెలగలేదు.

కాయిలు కాలిపోతే ఇంజను ఆగుతుంది సరే, హారను ఎందుకు ఆగాలి? ప్లగ్గు పాడైతే లైటు ఎందుకు ఆరాలి?

సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి కడప దాకా వచ్చే కె.సి. కాలువ మీకు తెలుసు. దాని కింద సేద్యం చేసే రైతు ఏం చేస్తాడు? ఒక్క మడి ఎండితే ఆ మడికి పోయే పిల్లకాలువను చూస్తాడు. మళ్ళన్నీ ఒకేసారి ఎండితే తిన్నగా తూము దగ్గరికి పోతాడు. నేను మాత్రం మళ్ళన్నీ ఎండిపోతుంటే ఒక్క మడిలో కూర్చుని మట్టి పిసుకుతున్నాను!

ఇంజనుకు, హారనుకు, లైటుకు మూడింటికీ ఉమ్మడిగా ఉండే దారి ఏది? బ్యాటరీ, ఫ్యూజు, తాళం స్విచ్చి, ఎర్తు తీగ. బండిలో ప్రతి దీపానికీ విద్యుత్తు తెచ్చే తీగ వేరుగా ఉంటుంది. కాని విద్యుత్తు తిరిగి బ్యాటరీకి చేరే దారి బండి ఇనుప చట్రమే. బ్యాటరీ ఒక కొసను ఆ చట్రానికి కలిపేదే ఎర్తు తీగ.

ఫ్యూజు చూశాను, బాగుంది. బ్యాటరీ కొసలు బిగువుగానే ఉన్నాయి. ఎర్తు తీగ వెంబడే వేలు పోనిచ్చాను. చట్రం దగ్గర దాని కొసనున్న కమ్మీ గిర్రున తిరిగింది. మరను వదులుచేసి చూద్దును కదా, దాని కింద నిగనిగలాడే నల్లరంగు!

తప్పు ఎవరిదో తెలిసిందా? నాదే. వారం కిందట చట్రానికి రంగు వేయించాను. రెండు రూపాయలు మిగులుతాయని తీగలు నేనే బిగించుకున్నాను. రంగు విద్యుత్తును పోనివ్వదు. మర పుణ్యమా అని కాస్త ఆనుకుని వారం నడిచింది. గతుకులకు ఆ కాస్తా వదులైంది.

రంగు గీకడానికి ఏమీ లేదు. పిల్లవాడు జామెట్రీ పెట్టె తెరిచి వృత్తలేఖిని ఇచ్చాడు. దాని మొనతో ఇనుము తెల్లగా కనిపించే దాకా గీకి, మర గట్టిగా బిగించాను. హారను కీచుమన్నది. రెండో కిక్కుకు ఇంజను అందుకున్నది. మైదుకూరు చేరేసరికి ఇంకా పది నిమిషాలు టైము ఉన్నది. ఆ వృత్తలేఖినితోనే వాడు పరీక్ష రాశాడు, పాసయ్యాడు కూడాను.

ఆ వారమంతా రాత్రిళ్ళు లైటు మసకగా వెలిగింది. బ్యాటరీ ముసలిదైందని దాన్ని తిట్టాను. అదీ ఎర్తు తీగ పనే. ఎలాగో లెక్కలో చూడండి. 6 వోల్టుల, 24 వాట్ల దీపం 4 ఆంపియర్లు తీసుకుంటుంది. అంటే దాని నిరోధం ఒకటిన్నర ఓములు. దారిలో రంగు వల్ల మరో అర ఓము చేరిందనుకోండి. మొత్తం 2 ఓములు. ఇప్పుడు పారేది 3 ఆంపియర్లే. దీపానికి దక్కేది నాలుగున్నర వోల్టులు, నాలుగో వంతు దారిలోనే పోయింది! అదే 12 వోల్టుల, 24 వాట్ల దీపానికైతే ఆ అర ఓము వల్ల పోయేది పదమూడో వంతే. పాత 6 వోల్టుల బండ్లకు తీగల కొసలు శుభ్రంగా ఉండాలనడం అందుకే.

మన దేశంలో బుల్లెట్ల తయారీకి 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. మైసూరులో 1961లో జావా బండ్ల తయారీ మొదలై, ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఆనాటి బండ్లకు 6 వోల్టుల బ్యాటరీ, పాయింట్లు ఉండేవి. ఇప్పటి బండ్లు 12 వోల్టులవి. వాటిలో పాయింట్ల పని ఎలక్ట్రానిక్ పరికరం చేస్తుంది. అయినా ఎర్తు తీగ మాత్రం వాటికీ ఉన్నది.

పెద్దలకు ఒక మాట. మన సీమలో పాత బండికి శత్రువులు రెండు: ఎండ, దుమ్ము. కర్నూలులో, కడపలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడికి మూతలున్న పాత రకం బ్యాటరీలో నీళ్ళు ఇంకిపోతాయి. రెండు వారాలకొకసారి చూసి, గీత దాకా డిస్టిల్డు వాటరు పొయ్యండి. బోరునీళ్ళు పొయ్యకండి, వాటిలోని లవణాలు బ్యాటరీని చెరుపుతాయి. బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల గీయకండి, అందులోంచి వచ్చే హైడ్రోజను అంటుకుంటుంది. బేతంచెర్ల వైపు నాపరాళ్ళు కోసే చోట్ల తిరిగే బండికి గాలి జల్లెడ తరచుగా దులపాలి. అది పూడుకుంటే గాలి తగ్గి, పెట్రోలు ఎక్కువై, ప్లగ్గుకు నల్లమసి పడుతుంది.

పిల్లలూ, మీరు బండి బ్యాటరీనీ, పెట్రోలునూ ముట్టుకోకండి. మీకు వేరే పని ఉన్నది. రెండు టార్చి సెల్లులు వరసగా పెట్టి, వాటికి సరిపోయే చిన్న బల్బులు రెండు తెచ్చుకోండి. సెల్లుల ఒక కొస నుంచి ప్రతి బల్బుకూ వేరే తీగ ఇవ్వండి. తిరిగి రావడానికి మాత్రం రెంటికీ కలిపి ఒకే తీగ పెట్టండి. ఇప్పుడు ఒక బల్బు సొంత తీగ ఊడదియ్యండి, ఒకటే ఆరుతుంది. ఉమ్మడి తీగ ఊడదియ్యండి, రెండూ ఆరతాయి. ఆ తరువాత మీ స్నేహితుణ్ణి మీకు కనపడకుండా ఏదో ఒక తీగ వదులు చెయ్యమనండి. తీగలను తాకకుండా, బల్బులను చూసి ఏది వదులైందో చెప్పండి. ఇంటి కరెంటుతో మాత్రం ఈ ఆట ఆడకూడదు సుమా!

బండి ఆగినప్పుడు మీ నాన్నగారు పానా తీసే ముందు, "ఇంకా ఏమేమి ఆగాయి నాన్నా?" అని అడగండి. ఆనాడు నేను ఆ ప్రశ్న వేసుకుని ఉంటే ఇరవై నిమిషాలు మిగిలేవి.

వచ్చే నెల, మట్టికుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో చెప్పుకుందాం.