మా మాట: చేతితో నడపు బొమ్మలు

శివరాత్రి యుత్సవములకు శ్రీముఖలింగము పోయి, వంశధారలో చక్రతీర్థస్నానము చేసి, ముఖలింగేశ్వరుని దర్శించి వచ్చిన సోదరీమణులు మన చదువరులలో ననేకులుందురు. ఇట్టి యుత్సవములలో పందిళ్లకు గట్టు చిన్నదీపముల తోరణమును మనము సీరియల్ సెట్టందుము. పాతరకపు తోరణములో నొక్క బల్బు మాడినచో వరుస యంతయు నారిపోవును. ఇంటిలోనన్ననో, వంటయింటి దీపము మాడినను వసారాలోని దీపము వెలుగుచునే యుండును. ఇట్లేల జరుగును? ప్రశ్న చిన్నదే గాని, కళాశాలలో భౌతికశాస్త్రము చదువు విద్యార్థులు సైతము దీనియొద్ద తడబడుదురు.

ఒకే తీగపై సమానమైన రెండు బల్బులను వరుసగా గూర్చినచో, మొదటిది విద్యుత్తును కొంత తినివేయును గనుక రెండవది మందముగా వెలుగునని పలువురు తలంతురు. ఆ తలంపు తప్పు. రెండును సమానముగనే వెలుగును. బల్బులు పుచ్చుకొనునది శక్తినే గాని ప్రవాహమును గాదు. ప్రవాహము తీగ పొడవున నొక్కటే. ఈ సంగతి పుస్తకములో నెన్నిమారులు చదివినను మనసున కెక్కదు. ఎలక్ట్రానులు కంటికి గానరావు గదా!

కానరానిదానిని కాననగునట్లు చేయుటకే యొక క్రొత్తవిధానము పుట్టినది. 2001లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి నందిన కార్ల్ వీమన్ గారు, 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున ఫెట్ అను ప్రణాళికను స్థాపించిరి. ఇందలి బొమ్మలు సినిమాబొమ్మలవలె తమంతట తాము కదలి పోవునవి గావు. విద్యార్థి తెరపై తానే బాటరీని, తీగను, బల్బును గూర్చవలయును. అప్పుడు ఎలక్ట్రానులు చిన్న నీలపు గుండ్లవలె తీగలో కదలుట కనబడును. ఒకచోట తీగ త్రెంచినచో గుండ్లన్నియు నొక్కమారే నిలిచిపోవును. రెండవ బల్బు చేర్చినచో అన్నియు గలిసి నెమ్మదించును. తోరణము రహస్యము చేతివ్రేలి క్రిందనే బయటపడును.

ఇది వట్టి వేడుకయా, నిజమైన విద్యయా యని మీరడుగవచ్చును. ఆ విశ్వవిద్యాలయముననే విద్యార్థులను రెండు వర్గములుగా జేసి, ఒకరికి నిజమైన బల్బులును తీగలును, రెండవవారికీ బొమ్మలును ఇచ్చి చూచిరి. బొమ్మలతో నేర్చినవారే, పిమ్మట నిజమైన తీగలను గూర్చుటలోను, కారణము వివరించుటలోను మేలనిపించుకొనిరి. ఈ పరిశోధన 2005లో ప్రకటింపబడినది.

అయినను ఒక హెచ్చరిక కలదు. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఎరిక్ మజూర్ గారును వారి సహచరులును 2004లో ప్రకటించిన పరిశోధనవలన, తరగతిలో ప్రయోగమును ఊరక చూచినవారు, అసలు చూడనివారికంటె కారణము తెలిసికొనుటలో చెప్పదగినంత ముందంజ వేయలేదని తేలినది. ఏమి జరుగునో ముందుగా ఊహించి చెప్పి, ఆపై చూచినవారు మేలుగా గ్రహించిరి. కావున మేలు చేయునది బొమ్మ కదలుట గాదు. కదలించుటకు ముందు బుద్ధి పనిచేయుట.

ఈ సాధనములు మనకు దూరమైనవి గావు. ఫెట్ బొమ్మలు కొన్ని తెనుగులోనికిని వచ్చినవి. మన దేశమున కేంద్రప్రభుత్వ విద్యాశాఖవారి వర్చువల్ ల్యాబ్స్ కలవు. ఢిల్లీ ఐ.ఐ.టి. మొదలగు సంస్థలు వీనిని నిర్మించినవి, హైదరాబాదు ఐ.ఐ.ఐ.టి. వానిలో నొకటి. ఈ రెంటికిని రుసుము లేదు. శ్రీముఖలింగమువంటి గ్రామములనుండి శ్రీకాకుళపు కళాశాలలకును, 2008లో ఎచ్చెర్లయందు వెలసిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయమునకును చదువబోవు బాలికల కివి యెంతయు నుపయోగించును. ప్రయోగశాలకు సాయంకాలము తాళము పడును. ఈ బొమ్మలకు తాళము లేదు.

ఇక నిది మన యింటి మాట. అమ్మాయి ఫోను పట్టుకొనగానే "ఎప్పుడును ఆ ఫోనేనా?" యని కసరుట మన యిండ్లలో పరిపాటి. ఇంట ఒక్క ఫోనేయున్నచో అది ముందుగా అబ్బాయి చేతికి బోవుటయు కలదు. అబ్బాయి చదువునకు గావలసినది అమ్మాయి చదువునకు వలదా? ఆమెకు గంటసేపు నియతముగా ఫోను నిండు. ఇచ్చి దాపున గూర్చుండుడు. ఆమె వ్రేలు కదపకముందే "ఇప్పుడేమి జరుగు నమ్మా? ఎందుచేత?" నని యడుగుడు. ఇందుకు మీకు భౌతికశాస్త్రము రానక్కరలేదు. అడుగు నోరును, వినెడి చెవియు నుండిన చాలును. ఆమె చెప్పినది తప్పైనను నవ్వవలదు. తప్పూహ బయటపడుటయే నేర్చుటకు మొదటిమెట్టు.

అయితే బొమ్మలున్నవి గదాయని ప్రయోగశాలను మానరాదు. వేడెక్కిన బల్బు చేతికి దగులుట, వదులైన తీగను వెదకి బిగించుట తెరపై నేర్వరానివి. నిజమునకు ఎలక్ట్రానులు నీలపు గుండ్లును గావు. అది మన యెరుకకై గీసిన గుర్తు మాత్రమే. ఈ భేదము నెరిగి వాడుకొన్నచో నా గంట వ్యర్థము గాదు. పరీక్షలు దగ్గరపడుచున్నవి, ఈ వారముననే యారంభింపుడని సోదరీమణులను గోరుచున్నాము.