ఒడ్డున దిగితేనే తీరం

ఓడ ప్రయాణం అనగానే మనకు గుర్తొచ్చేది సముద్రమే. కానీ చరిత్రలో బాగా పేరు మోసిన ఓడ ప్రయాణాల్లో ఒకటి డార్విన్‌కు ఎక్కువగా నేల మీదే సాగింది. 1831 డిసెంబర్ 27న ఇంగ్లండ్‌లో బయల్దేరిన బీగిల్ ఓడ 1836 అక్టోబర్ 2న తిరిగొచ్చింది. ఈ దాదాపు ఐదేళ్లలో ఛార్లెస్ డార్విన్ మూడేళ్లకు పైగా ఒడ్డునే గడిపారు. ఆయనకు సముద్రం పడేది కాదు. ఓడ ఊగితే కడుపులో తిప్పేది. దక్షిణ అమెరికా తీరాన్ని కొలిచి పటాలు గీయడం కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ పని. వీలు చిక్కినప్పుడల్లా దిగి నడవడం డార్విన్ పని.

1834 జనవరిలో ఓడ పటగోనియాలోని సాన్ హూలియాన్ రేవులో ఆగింది. నేటి అర్జెంటీనాలో ఉన్న ఈ రేవులోనే 1520లో మెజిలాన్ చలికాలం గడిపారు. మూడు శతాబ్దాలు గడిచినా అక్కడ ఊరన్నది లేదు. రేవు చివరిదాకా చూసొద్దామని కెప్టెన్, డార్విన్, మరికొందరు కాలినడకన వెళ్లారు. 11 గంటలపాటు గొంతు తడుపుకోవడానికి చుక్క నీరు లేదు. కెప్టెన్ సహా కొందరు నీరసించిపోయారు. కొండెక్కి చూస్తే దూరంగా సరస్సు మెరిసింది. ఇంకా సత్తువ మిగిలిన డార్విన్ చూడ్డానికి వెళ్లారు. తీరా చూస్తే అది తెల్లగా పేరుకున్న ఉప్పు. తర్వాత రెండు రోజులు ఆయన జ్వరంతో మంచం దిగలేదు.

అయితే ఆ రేవు ఆయన్ను ఉత్తి చేతులతో పంపలేదు. ఒడ్డున ఎర్రమట్టిలో ఒంటె అంత జంతువు ఎముకలు దొరికాయి. 1838లో రిచర్డ్ ఓవెన్ దానికి మాక్రాకీనియా అని పేరు పెట్టారు. అక్కడ తిరిగే గ్వనాకోలకు, అంటే మూపురం లేని ఒంటె జాతి జంతువులకు, అది బంధువని భావించారు. అంతరించిన జంతువుకూ అదే నేల మీద బతికున్న జంతువుకూ పోలిక ఎందుకుండాలి? ఈ ప్రశ్న డార్విన్‌ను వదల్లేదు. జాతులు మారతాయన్న ఆలోచనలకు 1837 జూలైలో ఆయన ప్రత్యేకంగా ఒక నోట్‌బుక్ తెరిచారు. తమాషా ఏమిటంటే, ఆ బంధుత్వం నిజం కాదు. మాక్రాకీనియా గుర్రాలు, ఖడ్గమృగాల వర్గానికి దగ్గరిదని 2015లో ప్రొటీన్ పరీక్ష, 2017లో డీఎన్ఏ పరీక్ష తేల్చాయి. జవాబు తప్పినా ప్రశ్న నిలిచింది.

ఇప్పుడు ఎంత మారుమూల తీరాన్నయినా ఉపగ్రహం చిత్రంలో ఇంట్లో కూర్చునే చూడొచ్చు. విహార నౌక డెక్ మీంచి ఫొటో తీసుకుని, ఫలానా తీరం చూశామని చెప్పుకోవచ్చు. కానీ దూరం నుంచి చూస్తే ఉప్పు కూడా నీరులాగే మెరుస్తుంది.

సాన్ హూలియాన్‌లో డార్విన్‌కు మంచినీరు ఎక్కడా దొరకలేదు. కానీ ఉప్పునీటి మీద కొన ఊపిరితో తేలుతున్న చిన్న పురుగొకటి కంటపడింది. అది మంచినీటి మడుగుల్లో బతికే రకం. కాబట్టి దగ్గర్లో ఎక్కడో మంచినీరు ఉండే ఉంటుందని ఆయన తేల్చుకున్నారు. ఆ మాట చెప్పడానికి ఆయన ఓడ దిగి, నీటి అంచుదాకా నడిచి, వంగి చూడాల్సి వచ్చింది.