సింహానికి కుక్క జబ్బు

1994 ఫిబ్రవరిలో టాంజానియాలోని సెరెంగెటి గడ్డిమైదానాల మీద బెలూనులో తిరుగుతున్న యాత్రికులకు ఒక వింత దృశ్యం కనిపించింది. కింద ఒక సింహం నేలమీద పడి, కాళ్లు కొట్టుకుంటూ విలవిలలాడుతోంది. దాని ఒంటిమీద గాయం లేదు. ఏ జంతువూ దాన్ని తరమడం లేదు. ఆ తరువాత మరొకటి, ఇంకొకటి అలాగే పడిపోయాయి. ఆ ఏడాది గడిచేసరికి అక్కడున్న దాదాపు 3,000 సింహాలలో వేయి వరకు చచ్చిపోయాయి.

మృగరాజును పడగొట్టింది ఎవరనుకుంటున్నారు? మన వీధికుక్కలకు వచ్చే డిస్టెంపర్ జబ్బు! (గోడలకు వేసే సున్నపు రంగును కూడా డిస్టెంపర్ అంటారు. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.)

ఈ జబ్బును మీరు చూసే ఉంటారు. కుక్కపిల్లకు జ్వరం వస్తుంది. కళ్లకు పుసి కడుతుంది, ముక్కు కారుతుంది, దగ్గుతుంది, విరేచనాలవుతాయి. కొన్నాళ్లకు వైరస్ మెదడుకు పాకి ఒక కాలో, దవడో అదేపనిగా అదురుతుంది. మూర్ఛ వస్తుంది. అప్పుడు ఊళ్లోవాళ్లు "పిచ్చెక్కింది" అని రాళ్లు తీసుకుంటారు. అది నిజంగా రేబిస్ కూడా కావచ్చు కాబట్టి అలాంటి కుక్క దగ్గరకు మీరు మాత్రం వెళ్లకండి. పశువైద్యుడికి కబురు చేయండి.

డిస్టెంపర్ వైరస్‌కు ఒక పెద్ద కుటుంబం ఉంది. మన పిల్లలకు వచ్చే తట్టు, గొర్రెలకూ మేకలకూ వచ్చే పారుడు రోగం దాని చుట్టాలే. వెనక పశువులను మందలు మందలుగా చంపిన రిండర్‌పెస్ట్ కూడా ఆ కుటుంబానిదే. అది భూమి మీద పూర్తిగా నశించిందని 2011లో ప్రకటించారు. ఈ చుట్టాలందరికీ ఒక బలహీనత ఉంది. ఎండకు, సబ్బుకు ఇవి తేలిగ్గా చచ్చిపోతాయి. జంతువు ఒంటి బయట ఎక్కువకాలం బతకలేవు. జబ్బు సోకిన జంతువు చచ్చిపోతుంది, లేదా కోలుకుంటుంది. కోలుకున్న దానికి మళ్లీ చాలాకాలం ఆ జబ్బు రాదు. కాబట్టి వైరస్ బతకాలంటే ఎప్పటికప్పుడు కొత్త జంతువు దొరుకుతూ ఉండాలి.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. కొద్ది లక్షల జనం కూడా లేని దీవులలో తట్టు దానంతటదే మాయమవుతుంది. మళ్లీ ఎవరో ఓడ మీద తెచ్చేదాకా కనిపించదు. అంటుకోవడానికి అక్కడ కొత్త పిల్లలు చాలరు మరి. అడవిలో ఉండే కొద్దిపాటి సింహాలు, తోడేళ్లు కూడా అలాంటి దీవులే. అడవి అంచున ఉన్న ఊళ్లు అలా కాదు. అక్కడ వేలాది కుక్కలుంటాయి, ఏటా కొత్త పిల్లలు పుడుతూనే ఉంటాయి. వైరస్‌కు అది ఎన్నడూ ఎండని చెరువు. ఆ చెరువుకు గండి పడితే నీరు అడవిలోకి పోతుంది.

గండి ఎలా పడుతుంది? ఊరి పక్కన ఆవు చచ్చిందనుకోండి. రాత్రి సింహం వచ్చి తింటుంది, తెల్లవారి కుక్కలు వస్తాయి. కుక్క ఎంగిలి చేసిన మాంసాన్నే సింహాలు మళ్లీ వచ్చి, మూతులు ఆనించుకుని తింటాయి. మన దేశంలో గుజరాత్‌లోని గిర్ సింహాలు ఊళ్ల మధ్య ఇలాగే తిరుగుతుంటాయి. 2018 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అక్కడి దల్‌ఖానియా ప్రాంతంలో మూడు వారాల్లోనే 23 సింహాలు చచ్చిపోయాయి. వాటిలో కొన్నింటిలో డిస్టెంపర్ వైరస్ ఉన్నట్టు పుణేలోని జాతీయ వైరస్ పరిశోధన సంస్థ తేల్చింది. ఆసియా సింహాలు సహజంగా బతుకుతున్నది ప్రపంచం మొత్తం మీద ఆ ఒక్క చోటనే సుమా!

ఈ కథ చెప్పగానే కొందరు, "అయితే కుక్కలను చంపేస్తే సరి" అంటారు. నేను ఒప్పుకోను. జాలి ఒక్కటే కారణం కాదు. పది కుక్కలను చంపితే ఆ వీధిలోని ఎంగిలి విస్తళ్లు ఎక్కడికీ పోవు. ఆ తిండికోసం పక్క ఊరి కుక్కలు వస్తాయి, కొత్త పిల్లలు పెరుగుతాయి. ఆ పిల్లలలో ఒక్కదానికీ రోగనిరోధక శక్తి ఉండదు. అంటే వైరస్‌కు మనమే విందు చేసినట్టు! టీకా పడి బతికి ఉన్న ముసలి కుక్క ఆ వీధికి అడ్డుగోడ. దాన్ని కూల్చడం తెలివి కాదు.

"సింహాలకే టీకా వేయవచ్చుగా?" అని మీరడగవచ్చు. గిర్‌లో 2018లో వేశారు కూడా. కాని మత్తు సూది వేసి ఒక్కొక్కదాన్నే పట్టుకోవాలి. పైగా కుక్కలకు పనికివచ్చే టీకా అన్నిటికీ పడదు. అమెరికాలో ముంగిసను పోలిన నల్లకాళ్ల ఫెర్రెట్లు అనే జంతువులున్నాయి. 1970లలో వాటికి ఈ టీకా వేస్తే, ఆ టీకా వల్లనే కొన్నింటికి డిస్టెంపర్ వచ్చి చచ్చిపోయాయి.

నా వాదానికి అడ్డొచ్చే సంగతి ఒకటుంది. దాన్ని దాచడం న్యాయం కాదు. సెరెంగెటి చుట్టూ కుక్కలకు టీకాలు వేసిన తరువాత కూడా సింహాలకు వైరస్ సోకుతూనే ఉందని 2015లో ఒక పరిశోధన చెప్పింది. నక్కలు, హైనాలు వంటివి కూడా దాన్ని మోస్తుండవచ్చు. రష్యాలోని అముర్ పులుల విషయంలోనూ కుక్కల కంటే అడవి జంతువుల వాటాయే ఎక్కువని 2020లో తేలింది. అంటే కుక్క ఒక్కటే దోషి కాదు. అయినా మన చేతికి అందేది కుక్కే. హైనాను పిలిచి టీకా వేయలేం గదా!

మన నల్లమల అంచున, లోపల చెంచుగూడేలలో కుక్కలున్నాయి. ఆ అడవిలోనే పులులూ రేచుకుక్కలూ ఉన్నాయి. అటువైపు ఊళ్లలో రేబిస్ టీకాలు వేసే రోజున డిస్టెంపర్ టీకా కూడా వేయాలని నా కోరిక. ఒక చిక్కు ఉంది. ముర్రుపాలతో తల్లి ఇచ్చిన రక్షణ కొన్ని వారాలపాటు పిల్ల ఒంట్లో ఉండి, టీకాను పనిచేయనీయదు. అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటిది వేసి, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకొకసారి మళ్లీ వేస్తారు. ఒక్క సూదితో పని అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ.

వచ్చే ఆదివారం మీ వీధిలో ఎన్ని కుక్కపిల్లలున్నాయో దూరం నుంచే లెక్కపెట్టి కాగితం మీద రాయండి. వాటిలో ఎన్నింటికి టీకాలు పడ్డాయో పెద్దలను అడిగి పక్కన రాయండి. రెండో అంకె సున్నా అయితే ఆ కాగితాన్ని మీ ఊరి పశువైద్యశాలకు పట్టుకెళ్లండి.