బడి కమిటీ కూడా అమానతే

2025 ఆగస్టు 12న ఒంటిమిట్ట జడ్పీటీసీ స్థానానికి ఉప ఎన్నిక జరిగినప్పుడు రాష్ట్రం దృష్టి కడప జిల్లాలోని ఈ మండలంపై నిలిచింది. పులివెందులతో పాటు ఒంటిమిట్ట పేరు కూడా రోజుల తరబడి పత్రికల్లో నలిగింది. అంతకు దాదాపు ఏడాది ముందు, 2024 ఆగస్టు 8న, రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలల్లో మరొక ఎన్నిక జరిగింది. అది పాఠశాల యాజమాన్య కమిటీల ఎన్నిక. దాన్ని గురించి ఇళ్లలో మాట్లాడుకున్నవారు తక్కువ.

జడ్పీటీసీ సభ్యుడు మారితే మన ఇంట్లో ఏమి మారుతుందో వెంటనే చెప్పలేము. కాని మన బిడ్డ బడిలో తాగే నీరు, మధ్యాహ్నం తినే అన్నం, ఆడపిల్ల వెళ్లవలసిన మరుగుదొడ్డి తలుపుకు ఉండవలసిన గడియ, ఇవన్నీ ఆ చిన్న కమిటీతో నేరుగా ముడిపడి ఉన్నాయి. అయినా ఆ రోజు ఓటు వేయడానికి బడికి వెళ్లిన మన తల్లులు ఎందరు? సభ్యత్వానికి పేరు ఇచ్చినవారు ఎందరు? ఎవరి ఇంటి లెక్క వారే వేసుకోవాలి.

“మనకెందుకు?” అనే మాట మన ఇళ్లలో రెండు కారణాల వల్ల వస్తుంది. ఒకటి జంకు. చదువు లేదనీ, నలుగురిలో మాట్లాడలేమనీ, పరదా ఉందనీ. రెండవది ధర్మసందేహం. పదవిని కోరడం ఇస్లాం మెచ్చని పని కదా, మరి పోటీ చేయడం ఎలా సమ్మతమవుతుంది? ఈ రెండింటికీ సమాధానం వెదకాలంటే ముందు ఆ కమిటీ ఏమిటో తెలియాలి.

చట్టం ఇచ్చిన చోటు

పార్లమెంటు 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ ఒక యాజమాన్య కమిటీ ఉండాలనీ, సభ్యుల్లో కనీసం నాలుగింట మూడు వంతుల మంది అక్కడ చదివే పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో కావాలనీ, సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలనీ ఆ చట్టంలోని 21వ సెక్షన్ నిర్దేశిస్తుంది. మన రాష్ట్ర నిబంధనలు మరొక అడుగు ముందుకు వేశాయి. ప్రతి తరగతి నుంచి ముగ్గురు తల్లిదండ్రులను ఎన్నుకోవాలి. ఆ ముగ్గురిలో కనీసం ఇద్దరు స్త్రీలు కావాలి. వారిలో ఒకరు అణగారిన వర్గాల నుంచి, ఒకరు బలహీన వర్గాల నుంచి ఉండాలి. ఒకటి నుంచి ఐదు వరకు తరగతులున్న ప్రాథమిక పాఠశాలలో ఎన్నికైన సభ్యులు 15 మంది అవుతారు. వారిలో నుంచే అధ్యక్షులను, ఉపాధ్యక్షులను ఎన్నుకుంటారు. ప్రధానోపాధ్యాయుడు కన్వీనరు. అంగన్‌వాడీ కార్యకర్త, ఆరోగ్య కార్యకర్త వంటివారు పదవి రీత్యా సభ్యులు. పదవీకాలం రెండేళ్లు.

‘సంరక్షకులు’ అన్న మాటను గమనించండి. ఒంటిమిట్ట, రాజంపేట ప్రాంతం నుంచి కువైట్ వంటి గల్ఫ్ దేశాలకు బతుకు తెరువుకై వెళ్లినవారు ఎందరో ఉన్నారు. తండ్రి అక్కడ ఉంటే తల్లి, తల్లి కూడా వెళ్లి ఉంటే నానమ్మో అమ్మమ్మో ఇక్కడ పిల్లలను పెంచుతున్నారు. “ఇంట్లో మగదిక్కు లేదు, మేమెలా వెళ్లగలం?” అని వారు వెనుకకు తగ్గనవసరం లేదు. బిడ్డ బాధ్యతను మోస్తున్నవారికి ఆ చోటు ఉంది.

ఉర్దూ మాధ్యమంలో నడిచే ప్రభుత్వ పాఠశాలలకు కూడా ఇదే నియమం. మదరసాలకు మాత్రం ఈ చట్టం వర్తించదని 2012 సవరణ స్పష్టం చేసింది. కనుక ఈ కమిటీ పేరు వినగానే మన ధార్మిక విద్యాలయాల్లో ఎవరో జోక్యం చేసుకుంటారని కలవరపడవలసిన పని లేదు.

కమిటీకి ఉన్న పనులు మూడు. పాఠశాల ఎలా నడుస్తున్నదో గమనించడం, పాఠశాల అభివృద్ధి ప్రణాళికను తయారు చేయడం, వచ్చిన నిధులు ఎలా ఖర్చవుతున్నాయో చూడడం. ఈ మూడవ పని చిన్నది కాదు. సమగ్ర శిక్ష నిబంధనల ప్రకారం 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి ఏటా 25 వేల రూపాయలు, 101 నుంచి 250 మంది ఉన్న బడికి 50 వేల రూపాయలు నిర్దేశించారు. అందులో పదో వంతు పరిశుభ్రతకే ఖర్చు పెట్టాలి. 2019 నవంబరులో మొదలైన నాడు–నేడు పనులు తల్లిదండ్రుల కమిటీల ద్వారానే సాగాయి. 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం పథకంలో 15 వేల రూపాయల్లో 2 వేలు బడుల నిర్వహణకు మినహాయించారు. అంటే తల్లి పేరున మంజూరైన సొమ్ములో కొంత భాగం బడి బాగు కోసం వెళుతున్నది. ఆ సొమ్ముతో ఏమి జరిగిందని అడగడం తల్లికి ఎవరో చేసే దయ కాదు, ఆమె హక్కు.

పదవిని కోరవచ్చునా?

ఇక ధర్మసందేహానికి వద్దాం. అబ్దుర్రహ్మాన్ బిన్ సమురా (రజి)కు దైవప్రవక్త (సఅసం) చేసిన ఉపదేశం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. అధికారాన్ని అడగవద్దనీ, అడిగి తీసుకున్నవాణ్ణి దాని బరువుకే వదిలివేస్తారనీ, అడగకుండా లభించిన వానికి దైవసహాయం తోడవుతుందనీ దాని భావం. అబూజర్ (రజి) వంటి మహనీయ సహచరుడు బాధ్యత కావాలని కోరినప్పుడు, ఆయన బలహీనుడనీ, అది అమానతు అనీ, హక్కును నెరవేర్చనివారికి ప్రళయదినాన అది అవమానమై నిలుస్తుందనీ ప్రవక్త (సఅసం) హెచ్చరించారు.

అయితే దివ్య ఖుర్‌ఆన్‌లో యూసుఫ్ (అలైహిస్సలాం) వృత్తాంతం కూడా ఉంది. కరవు రాబోతున్నదని తెలిసినప్పుడు దేశపు ధాన్యాగారాల బాధ్యతను తనకు అప్పగించమని ఆయన స్వయంగా రాజును కోరారు. తాను కాపాడగలవాడననీ, తెలిసినవాడననీ చెప్పారు (12:55). అక్కడ ఆయన చూసింది సింహాసనాన్ని కాదు, ఆకలితో ఉండబోయే జనాన్ని.

ఈ రెండింటిలో వైరుధ్యం లేదు. గౌరవం కోసం, పేరు కోసం, లాభం కోసం కోరడం వేరు. పని తెలిసి, నిజాయితీ ఉండి, తాను ముందుకు రాకపోతే నష్టం జరుగుతుందని గ్రహించి బాధ్యతను భుజాన వేసుకోవడం వేరు. ఎవరు ఏ ఉద్దేశంతో వస్తున్నారో పైవారికి తెలియదు, తనకు మాత్రం తెలుసు. కనుక పోటీకి ముందు మనసులో ఒక ప్రశ్న వేసుకోవాలి: “నా కంటే బాగా చేయగలిగిన మరో తల్లి ఈ తరగతిలో ఉంటే ఆమె పేరును నేనే ప్రతిపాదించగలనా?” అవునన్న సమాధానం వస్తే సంకల్పం సరైనదే. అప్పుడు ఆమె లేకపోతే మీరు నిలబడండి, ఉంటే ఆమెకు ఓటు వేయండి. అమానతులను అర్హులకు అప్పగించమన్న దైవాజ్ఞ (4:58) ఓటు వేసే చేతికి కూడా వర్తిస్తుంది. మన బంధువనో, మన వీధి మనిషి అనో, మన మతస్థుడనో అనర్హునికి చెయ్యెత్తడం ఆ అమానతుకు ద్రోహమే అవుతుంది.

ఆమె కుర్చీలో ఆయన

మన సమాజంలో మరొక జాడ్యం ఉంది. ఇది ముస్లిం ఇళ్లకే పరిమితం కాదు, ఊరూరా ఉన్నదే. కమిటీలో పేరు భార్యది, సమావేశానికి వెళ్లేది భర్త. తీర్మానాల పుస్తకం ఇంటికి వస్తుంది, ఆమె వంటింటి గడపలో నిలబడి చూపిన చోట సంతకం చేస్తుంది. అది చిన్న విషయంగా మనకు తోస్తుంది. కాని సంతకం సాక్ష్యమే కదా! చూడని పని పూర్తయిందని, కొనని వస్తువు కొన్నామని చేసిన సంతకానికి అల్లాహ్ సన్నిధిలో జవాబు చెప్పవలసింది సంతకం చేసిన మనిషే. భర్త చెప్పాడన్న మాట అక్కడ చెల్లదు.

సోదరులకు ఒక మనవి. హుదైబియా సందర్భాన్ని గుర్తు చేసుకోండి. ఒడంబడిక తరువాత సహచరులు మనస్తాపంతో కదలక కూర్చున్న వేళ ఏమి చేయాలో ఉమ్మె సలమా (రజి) సలహా చెప్పారు. దైవప్రవక్త (సఅసం) ఆ సలహాను పాటించారు, చిక్కు విడిపోయింది. షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) చదవను రాయను నేర్చిన మహిళ. ఆమె హఫ్సా (రజి)కు రాత నేర్పిన సంగతి హదీసు గ్రంథాల్లో నమోదై ఉంది. ఇటువంటి తల్లుల వారసురాళ్లు తమ బిడ్డ బడిలో, పగటిపూట, తోటి తల్లుల నడుమ, మర్యాదగా కూర్చుని నాలుగు మాటలు మాట్లాడితే పరదాకు భంగం కలగదు. ఆమె వెళ్లడానికి వీలు కల్పించడం, ఆ పూట ఇంటిపనిని పంచుకోవడం మీ వంతు. తిరిగి వచ్చాక ఏమి జరిగిందని అడగండి, కాని ఆమె బదులు మీరు వెళ్లకండి.

ఎన్నికైన తరువాత

మొదటి సమావేశంలోనే ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు. మూడు విషయాలు అడిగితే చాలు. బ్యాంకు ఖాతాలో ఎంత ఉంది? పోయిన ఏడాది ఏ పనికి ఎంత అయింది? అభివృద్ధి ప్రణాళిక రాశారా? ఆ ప్రణాళికలో రాబోయే మూడేళ్లకు ఏ తరగతిలో ఎందరు పిల్లలు ఉంటారు, ఎందరు ఉపాధ్యాయులు కావాలి, ఏ గదులు కావాలి, ఎంత డబ్బు అవసరం అన్నవి ఉండాలి. ఉర్దూ ఉపాధ్యాయుని ఖాళీ అయినా, ఆడపిల్లల మరుగుదొడ్డికి నీటి కొరత అయినా అక్కడ రాతపూర్వకంగా ఎక్కితేనే పైఅధికారుల బల్ల మీదికి చేరుతుంది. నోటిమాటగా చెప్పింది గాలికి పోతుంది.

చదవడం రాని తల్లి కూడా చేయగలిగిన పనులు ఉన్నాయి. వారంలో ఒక రోజు భోజన సమయానికి వెళ్లి అన్నం ఉడికిందో లేదో చూడడం, గుడ్డు ప్రతి పిల్లకూ అందిందో లేదో లెక్కించడం, మరుగుదొడ్డి తలుపు తీసి చూడడం. నెల రోజులుగా బడికి రాని ఆడపిల్ల ఇంటికి వెళ్లి ఆ తల్లితో కూర్చుని మాట్లాడడం ఏ ఉపాధ్యాయుని కన్నా ఆమెకే సులువు. సంతకానికి ముందు పత్రాన్ని చదివి వినిపించమని అడగడానికి సిగ్గుపడవద్దు. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరు అడిగినా సంతకం చేయవద్దు. ఉపాధ్యాయులను శత్రువులుగా చూడకండి. నిజాయితీగా పనిచేసే ప్రధానోపాధ్యాయునికి ప్రశ్నించే కమిటీయే అండ.

కానుకల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. జకాతు వసూలుకు వెళ్లి వచ్చిన ఒక వ్యక్తి కొంత సొమ్మును తనకు కానుకగా ఇచ్చారని పక్కన పెట్టుకున్నప్పుడు దైవప్రవక్త (సఅసం) మింబరుపై నుంచి తీవ్రంగా మందలించారు. తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక అతనికి వచ్చేదా అన్నది ఆయన ప్రశ్నలోని సారం. సున్నం వేసిన మేస్త్రీ పండుగకు పంపిన మిఠాయి డబ్బా అయినా, బెంచీలు అమ్మిన దుకాణదారు ఇచ్చిన చీర అయినా ఈ ప్రశ్న ముందు పెట్టి చూడాలి.

చివరగా ఒక మాట. మనం అడిగేది మన పిల్లల కోసం మాత్రమే కాకూడదు. ఒంటిమిట్టలో కోదండరామాలయం వద్ద ఇమాంబేగ్ పేరున ఒక బావి ఉంది. పదిహేడవ శతాబ్దంలో ఈ సీమలో అధికారిగా ఉన్న ఆ ముస్లిం, అక్కడికి వచ్చే జనం దాహం తీరడానికి దాన్ని తవ్వించాడని స్థానికులు చెప్పుకుంటారు. ఆయన విశ్వాసం వేరు, నీళ్లు తాగినవారి విశ్వాసం వేరు. ఈ ఎండిన సీమలో నీటి విలువ తెలిసినవాడు దాహానికి మతం అడగలేదు. బడిలో కుళాయి బాగుపడితే ఆ నీరు అందరి పిల్లలూ తాగుతారు. ముస్లిం తల్లి కమిటీలో ఉన్నందువల్ల తమ బిడ్డకు కూడా మేలు జరిగిందని పక్కింటి తల్లి చెప్పుకోగలిగితే, అంతకు మించిన ఇస్లాం పరిచయం మరొకటి ఉండదు.

సోదరీమణులారా! ఈసారి మీ బిడ్డ బడి నుంచి ఎన్నిక నోటీసు వస్తే దాన్ని చీటీల డబ్బాలో పడవేయకండి. ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి కూర్చోండి, సంప్రదించుకోండి, ఇస్తిఖారా చేయండి. అర్హురాలైన ఒకరిని ముందు నిలపండి, మిగిలినవారు ఆమె వెనుక నిలవండి. బాధ్యత అప్పగించినప్పుడు దాని బరువును మోయగల శక్తిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! మన చేతుల మీదుగా ఏ బిడ్డ హక్కూ పోకుండా కాపాడుగాక! ఆమీన్.