రాళ్ళ చదువు

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన నాటి నుండి మా వద్దకు వచ్చే తల్లిదండ్రుల సంఖ్య పెరుగుతుంది. మదరసాలో అరబ్బీ వ్యాకరణమూ, ఫిఖహూ బోధించే మమ్మల్ని ఏ డిగ్రీ మంచిదని అడగడం వింతగానే ఉంటుంది. కాని వారి పిల్లలకు చిన్ననాట నాజిరా చదివించిన చనువు అటువంటిది, కాదనలేము. ఏటేటా వినబడే మాటలు రెండే: కంప్యూటర్, నీట్. ఈ ఏడాది మూడవ మాట ఒకటి వినవచ్చింది. ఒక బాలిక భూగర్భ శాస్త్రంలో ఆనర్సు డిగ్రీ చదువుతానని పట్టుబట్టింది. తండ్రి వద్దంటున్నాడు. తల్లి ఎటూ చెప్పలేక ఇద్దరినీ మా వద్దకు పంపింది.

ఆ ఇంటి పెద్దలు రోళ్ళకు కక్కు కొట్టినవారు. నేటి పిల్లలు ఈ వృత్తిని చూసి ఉండరు. తిరగలి రాయి, రోలు వాడగా వాడగా నున్నబడతాయి, పిండి మెదగదు. అప్పుడు సుత్తి, ఉలి పట్టుకొని వీధివీధి తిరిగే సాయిబు వచ్చి ఆ రాతి ముఖాన్ని మళ్ళీ గరుకు చేసి పోయేవాడు. ప్రభుత్వపు బి.సి.-ఇ జాబితాలో తురక కాశ, చక్కిటకానేవాలే, పత్తర్ ఫోడులు అనే పేర్లతో ఉన్నది ఈ వృత్తుల వారే. మిక్సీలు వచ్చాక ఆ పిలుపు వీధుల్లో ఆగిపోయింది.

తండ్రి మాట సూటిగా ఉంది. “హజ్రత్, మా అబ్బా బ్రతుకంతా రాళ్ళు కొట్టాడు. ఆటో తోలి ఆ సుత్తిని ఇంట్లోంచి బయటికి పంపింది నేను. ఇప్పుడు ఇది డిగ్రీ పేరుతో మళ్ళీ సుత్తి పట్టుకుంటానంటోంది.” అమ్మాయి తల వంచుకొనే జవాబిచ్చింది: “దాదా ఏ రాయి పిండిలో ఇసుక రాలుస్తుందో, ఏ రాయి రాల్చదో చేత్తో తడిమి చెప్పేవారు. ఎందుకని అడిగితే మాత్రం ఆయనకు తెలియదు. నాకు ఆ ఎందుకో తెలియాలి అబ్బా.”

ఈ మాట మమ్మల్ని కొన్ని వారాలు ఆలోచింపజేసింది. తెలిసినవారిని విచారించాము, కొంత చదివాము. ఇలాంటి ప్రశ్న మరికొన్ని ఇళ్ళలోనూ రాగలదు గనుక ఈ నెల శీర్షికను దానికే కేటాయిస్తున్నాము.

మొదట, ఆ ‘ఎందుకు’ సంగతి. రాయి అంటే ఒకే పదార్థం కాదు, అనేక ఖనిజాల కలయిక. మన వరంగల్ చుట్టూ ఉన్న గ్రానైటులో క్వార్ట్జ్, ఫెల్స్‌పార్, అభ్రకం గింజలు కంటికి కనబడేంత పెద్దవి. భూమి లోతుల్లో కరిగిన పదార్థం మెల్లగా చల్లారితే గింజలు పెరుగుతాయి, త్వరగా చల్లారితే సన్నగా మిగిలిపోతాయి. గ్రానైటును చీల్చుకొని పైకి వచ్చి త్వరగా గట్టిపడిన నల్లరాయి డోలరైటు. దాని గింజలు సన్నగా, ఒకదానిలో ఒకటి అల్లుకొని ఉంటాయి గనుక అంత సులభంగా రాలవు. ఆ దాదా చేతివేళ్ళకు తెలిసింది ఇదే. కళాశాలలో దీన్ని చూపే పద్ధతి వేరు. రాతి ముక్కను మిల్లీమీటరులో 3 శతాంశాల మందానికి అరగదీసి గాజుపలకపై అతికించి, ప్రత్యేకమైన సూక్ష్మదర్శిని కింద పెడతారు. అప్పుడు నల్లరాయి లోనుంచి కూడా వెలుగు ప్రసరిస్తుంది, ఒక్కొక్క ఖనిజం తన రంగుతో బయటపడుతుంది.

రాళ్ళు గురించి మన ఊరికి చెప్పవలసిన పని లేదు. ఏకశిలానగరం, ఓరుగల్లు అనే పేర్లలోనే ఒంటిరాయి ఉంది. కోటలోని ఏకశిల గుట్ట మీదికి పిల్లలను తీసుకొని పోయే తల్లిదండ్రులు అక్కడ ఫోటోలు దిగి వస్తారు. ఆ గుట్ట వంటి తెలంగాణ గ్రానైటు రాళ్ళ వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలని ఎంతమంది పిల్లలకు చెప్పి ఉంటారు?

ఈ వయసు దగ్గరే ఒక పెద్దమనిషి మమ్మల్ని నిలదీశారు. భూమికి 450 కోట్ల ఏళ్ళని నేర్పే చదువు విశ్వాసానికి చేటు కాదా అని. ఆ భయం మంచి మనసు నుండే పుట్టింది, కాని అది మన ఇంటి భయం కాదు. క్రీస్తుపూర్వం 4004లో సృష్టి జరిగిందని లెక్కకట్టినవాడు 17వ శతాబ్దంలో ఐర్లండుకు చెందిన ఆర్చిబిషప్ జేమ్స్ అషర్. దివ్యఖుర్ఆన్ భూమికి వయసు చెప్పలేదు. సృష్టి దినాల ప్రస్తావన ఉన్న ఆ గ్రంథంలోనే, ప్రభువు దగ్గరి దినం మన లెక్కలోని దినం వంటిది కాదని కూడా ఉంది. అంతేకాదు, ఒక సూరా పేరు ఇనుము, ఒకటి భూకంపం, ఒకటి ఇసుక తిన్నెలు. సూరా ఫాతిర్‌లో పర్వతాలలోని తెల్లని, ఎర్రని, కారునల్లని చారల వైపు చూపు మళ్ళించిన వెంటనే జ్ఞానవంతుల ప్రస్తావన వస్తుంది. తఫ్సీర్ పాఠంలో అక్కడికి వచ్చినప్పుడల్లా మా విద్యార్థులను ఆ చారలు ఎందుకు ఏర్పడతాయని అడుగుతుంటాము. ఇంతవరకు జవాబు రాలేదు. ఈ అమ్మాయి చెప్పగలదేమో.

వెయ్యేళ్ళ క్రితం అల్‌బిరూనీ మన దేశానికి వచ్చి, గంగానది ఒడ్డున మన్నును గమనించాడు. కొండల దగ్గర పెద్ద గుండ్లు, దిగువకు పోయేకొద్దీ చిన్న రాళ్ళు, సముద్రం దగ్గర సన్నని ఇసుక. నీటి వేగం తగ్గేకొద్దీ బరువైనది ముందే దిగిపోతుందని తెలుసుకొని, ఈ మైదానం ఒకప్పుడు సముద్రమై ఉండి, ఏరులు తెచ్చిన మన్నుతో పూడిందని వ్రాశాడు. ఇబ్ను సీనా తన ‘షిఫా’ గ్రంథంలో, భూకంపాలు నేలను పైకెత్తడం వల్లా, ప్రవాహాలు లోయలను కోయడం వల్లా కొండలు ఏర్పడతాయని చర్చించాడు. ఉర్దూలో ఈ శాస్త్రాన్ని అర్జియాత్ అంటారు. పాత పుస్తకాలలో తబఖాతుల్ అర్జ్, అంటే భూమి పొరల విద్య. ఈ పొరల విద్యలో మొదటి సూత్రం, తిరగబడని చోట కింది పొర పాతది, పై పొర కొత్తది. పొర తిరగబడిందా లేదా అన్నది సాక్ష్యాలతో తేల్చుకోవాలి. హదీసు ఉల్లేఖకుల పరంపరలో ఎవరు ఎవరిని కలిశారో తేల్చే పనిలో జీవితం గడిపిన మాకు ఈ శ్రమ పరాయిదిగా తోచలేదు.

ఇక ఉపయోగం. 2024 డిసెంబర్ 4వ తేదీ ఉదయం ఏడున్నర కావస్తుండగా మన ఇళ్ళలో గిన్నెలు కదిలిన సంగతి ఎవరూ మరచి ఉండరు. ములుగు ప్రాంతంలో కేంద్రం, తీవ్రత 5.3. ఆ రోజంతా ఫోన్లలో తిరిగిన పుకార్లకు అంతు లేదు. అంతకు మూడు నెలల ముందు తాడ్వాయి అడవిలో గాలికి చెట్లు కూలడాన్ని కూడా దీనికి ముడిపెట్టినవారున్నారు. ఆ గాలి వేరు, ఈ కదలిక వేరు. గోదావరి లోయ భూమి పగిలి దిగబడిన పురాతనమైన పల్లం. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన కంపం కూడా ఆ పల్లానిదే. కోట్ల సంవత్సరాల క్రితం ఆ పల్లం దిగుతూ ఉండగా అందులో అడవులు పూడి బొగ్గయ్యాయి. మన ప్రాంతానికి కరెంటునిచ్చే బొగ్గూ, మనల్ని వణికించే కంపమూ ఒకే లోయ బిడ్డలు.

ఆ బొగ్గును 1871లో ఇల్లందు దగ్గర గుర్తించినవాడు జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్. సింగరేణి అనే చిన్న గ్రామం పేరు 1920లో కంపెనీకి పేరయింది.

నీటి సంగతి ఇంకా దగ్గరిది. గట్టిరాతి నేలలో నీరు చెరువులా నిలిచి ఉండదు. పైనున్న మెత్తబడిన పొరలోనూ, దాని కింద రాతి పగుళ్ళలోనూ ఉంటుంది. పగులు తగిలితే నీరు, తగలకపోతే దుమ్ము. పది అడుగుల దూరంలోనే అదృష్టం మారిపోయేది అందుకే. మా మదరసా ఆవరణలో కమిటీవారు అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టే ఒక వ్యక్తి చూపిన చోట్ల రెండు బోర్లు వేయించారు, రెండూ ఎండినవే. చందా ఇచ్చినవారిలో రిక్షా తొక్కేవారున్నారు. మూడవసారి నేలలోకి కరెంటు పంపి దాని నిరోధాన్ని కొలిచే పరికరంతో పరీక్ష చేయించాక నీరు పడింది. ఆ పరీక్ష చేసిన ప్రతి చోటా నీరు పడుతుందని మేము అనడం లేదు. గుడ్డిగా తవ్వడం కంటె చూసి తవ్వడం మేలు, అంతే. బోరు అప్పులతో పెళ్ళిళ్ళు ఆగిన ఇళ్ళు మనకు తెలుసు. రాతిలోని ఫ్లోరైడు నీటిలో కరిగి నల్లగొండ పల్లెల్లో ఎముకలను వంచిన సంగతీ తెలుసు. ఇవి రాళ్ళ చదువు చదివినవారు తీర్చవలసిన బాధలు.

ఎక్కడ చదవాలి? ఇన్నాళ్ళూ ఈ ప్రశ్నకు హైదరాబాదే జవాబు. కొత్తగూడెంలో ఒకప్పుడు స్కూల్ ఆఫ్ మైన్స్‌గా ఉండి, తరువాత మన కాకతీయ విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ కళాశాలగా నడిచిన సంస్థను 2025లో రాష్ట్ర ప్రభుత్వం భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా మార్చి, డాక్టర్ మన్మోహన్ సింగ్ పేరు పెట్టింది. అక్కడ భూగర్భ శాస్త్రంలోనూ, పర్యావరణ శాస్త్రంలోనూ నాలుగేళ్ళ బి.ఎస్సీ. ఆనర్సు మొదలయింది. కొత్త సంస్థ గనుక బోధకులు ఎందరు, ప్రయోగశాల ఎలా ఉంది, క్షేత్ర పర్యటనలు నిజంగా జరుగుతున్నాయా అని స్వయంగా వెళ్ళి అడగాలి. క్షేత్రానికి పోని భూగర్భ శాస్త్రం వంటగదికి పోని వంట పుస్తకమే. సుత్తి, భూతద్దం, పొరల వాలును కొలిచే దిక్సూచి పట్టుకొని ఎండలో నడవడమే ఈ చదువులో సగం.

ఉద్యోగాల విషయంలో తీపి మాటలు చెప్పము. డిగ్రీ ఒక్కదానితో వచ్చేవి కొద్ది. యు.పి.ఎస్.సి. నిర్వహించే జియోసైంటిస్టు పరీక్షకు ఎం.ఎస్సీ. కావాలి. ఆ పరీక్ష ద్వారానే జియలాజికల్ సర్వేలోనూ, కేంద్ర భూగర్భజల మండలిలోనూ నియామకాలు జరుగుతాయి. సింగరేణి, ఎన్.ఎం.డి.సి., హైదరాబాదులోని అణుఖనిజ సంచాలక కార్యాలయం, ఎన్.జి.ఆర్.ఐ., రాష్ట్ర భూగర్భజల శాఖ వంటివి ఉన్నాయి. ఖాళీలు ఏటా ఒకే విధంగా ఉండవు. ఐ.ఐ.టి.లలో ఎం.ఎస్సీ. సీటుకు ‘జామ్’ అనే ప్రవేశ పరీక్ష ఉంది, దానికి మూడవ ఏడు నుండే తయారు కావాలి. నాలుగేళ్ళ ఆనర్సు చేసినవారు ఎం.ఎస్సీ.ని ఒక్క ఏడాదిలో ముగించే వీలును యు.జి.సి. కల్పించింది గాని, ఏ విశ్వవిద్యాలయం దాన్ని అమలు చేస్తోందో ముందే తెలుసుకోవాలి. ఆరేడేళ్ళ ఓపిక లేని ఇల్లు ఈ దారి పట్టకపోవడమే మంచిది. ఇంజనీరింగ్ పట్టా చేత పట్టుకొని ఖాళీగా తిరిగే కుర్రవాళ్ళు మన బస్తీలో ఎందరున్నారో లెక్కపెట్టి చూసిన తరువాతే ఈ ఓపికను బరువుగా భావించాలి.

ఆడపిల్ల కదా అన్న ప్రశ్న తండ్రి అడగలేదు, పక్కింటివారు అడిగారు. క్షేత్ర పర్యటనలో ఎవరు వెంట ఉంటారు, అధ్యాపకురాలు ఉంటారా, రాత్రి బస ఎక్కడ అన్నవి అడగవలసిన ప్రశ్నలే. మగపిల్లవాని విషయంలోనూ అడగవలసినవే. మహ్రమ్ లేని ప్రయాణం విషయంలో, విశ్వసనీయులైన స్త్రీల బృందం వెంట ఉన్నప్పుడు ఏమిటన్న దానిపై ఫిఖహ్ పండితులలో అభిప్రాయ భేదాలున్నాయి. ప్రతి ఇల్లూ తాను అనుసరించే ఆలిమ్‌ను అడిగి నడచుకోవచ్చు. ప్రశ్న అడగకుండానే తలుపు మూయడం మాత్రం న్యాయం కాదు. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భ గనుల్లో పని చేయనివ్వలేదు. 2019 జనవరిలో కేంద్రం షరతులతో పగటి వేళ అనుమతించింది. గనిలోకే దిగనక్కరలేని పనులు ఈ శాస్త్రంలో మరెన్నో ఉన్నాయి. ప్రయోగశాలలో, ఉపగ్రహ చిత్రాల ముందు, నీటి నమూనాల పరీక్షలో.

తండ్రికి మేము చెప్పింది ఒక్కటే. మీ అబ్బా సుత్తి కడుపు కోసం కొట్టింది, ఈ సుత్తి రాతిని ప్రశ్నించడానికి. రెండింటినీ ఒకటిగా చూడవద్దు, మొదటిదాన్ని చిన్నచూపు చూడనూ వద్దు. ఆయన ఇంకా అవునని అనలేదు. ఫీజు ఎంత, హాస్టల్ ఎంత అని మాత్రం అడిగారు.

ఈ విషయంలో ఆలోచిస్తున్న ఇతర కుటుంబాలకు కొన్ని వివరాలు. డిగ్రీ ప్రవేశాలు ‘దోస్త్’ ఆన్‌లైన్ విధానంలో విడతలుగా జరుగుతాయి. ఇంటర్‌లో సైన్సు గ్రూపు ఉండాలి. బి.సి.-ఇ కింద మనవారికి 4 శాతం రిజర్వేషన్ ఉంది, కాని కుల ధ్రువపత్రం చేతిలో లేక ప్రతి ఏటా కొందరు దాన్ని పోగొట్టుకుంటున్నారు. తాత తండ్రుల వృత్తి పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడి దరఖాస్తు చేయనివారు కూడా ఉన్నారు. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు మీసేవలో ఇప్పుడే దరఖాస్తు పెట్టండి, ఫీజు రీయింబర్స్‌మెంటుకు కూడా అవి కావాలి. కొత్తగూడెం వెళ్ళి చూడదలచినవారికి వరంగల్ నుండి డోర్నకల్ మీదుగా భద్రాచలం రోడ్ స్టేషనుకు రైలు మార్గం ఉంది. కొత్తగూడెం స్టేషనుకు ఆ పేరే ఉంది, భద్రాచలం అనుకొని దిగకుండా కూర్చోవద్దు.