కడ్డీమీది పసివాడు

తెల్లవారిన తరువాత ఏ తెలుగు పట్టణపు పొలిమేరనైనను కొంతసేపు నిలిచి చూచినచో, ఆ దృశ్యము నేటికిని కంటబడును. కూలికో, కాపలా కొలువునకో పోవుచున్న ఒక మనుష్యుడు. అతని సైకిలు హ్యాండిలునకు వ్రేలాడుచున్న సద్దిగిన్నె. సీటునకును హ్యాండిలునకును నడుమనున్న కడ్డీకి మడతలు పెట్టి చుట్టిన తువ్వాలు. ఆ తువ్వాలుమీద ప్రక్కవాటుగా కూర్చున్న మూడేండ్ల పసివాడు. వాని చేతులు రెండును గంటమీదనే యుండును. అవసరమున్నను లేకున్నను అది మ్రోగుచునే యుండును. తండ్రి వారింపడు. వాడు నిద్రించిన పిదప ఇల్లు చేరు తండ్రికి బిడ్డతో మాటలాడుటకు ఆ పావుగంటయే మిగిలినది. ప్రశ్నలకు కొదువ లేదు. ఆ గేదె ఎచ్చటికి పోవుచున్నది? ఆ లారీకి అన్ని చక్రములేల? సమాధానములు వాని నడినెత్తి మీదుగా వచ్చి చెవిలో పడుచుండును.

ఈ దృశ్యమును చూచువారు రెండు తెగలు. కొందరు ముచ్చటపడుదురు. కొందరు మోటారుకారు అద్దము దింపకయే, ‘ఎంత తెగింపు! పసిబిడ్డ నిట్లు తీసికొనిపోవచ్చునా?’ అని విసుగుకొందురు. ఒకరికి అది బొమ్మ. ఒకరికి అది నేరము. ఈ ఉభయులును చూడనిది ఒకటి కలదు. అది ఆ సైకిలు క్రిందనున్న రోడ్డు.

సైకిలునకును పసిబిడ్డకును గల చుట్టరికము నిన్న మొన్నటిది కాదు. గాలి నింపిన టైరు వాడుకలోనికి వచ్చుటకే ఒక బాలుడు కారణము. బెల్‌ఫాస్టు నగరములో పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్, తన కుమారుని మూడుచక్రముల బండి గట్టిరబ్బరు చక్రములతో ఎగిరెగిరి పడుచుండుట చూచి, 1887లో పలుచని రబ్బరు గొట్టములో గాలి నింపి చక్రమునకు చుట్టెను. మరుసటి యేడు పేటెంటు పొందెను. థామ్సన్ అను స్కాట్లండువాడు 1845లోనే ఇట్టి టైరునకు పేటెంటు పొందియున్నాడని తరువాత తేలుటచే డన్‌లప్ హక్కు చెల్లలేదు. అది వేరు కథ. గతుకులు బిడ్డ వెన్నునకు తగులరాదను తలంపుతో చుట్టిన ఆ టైరు లోకములోని పెద్దలందరిని మోయుచున్నది. బిడ్డ కూర్చుండు చోటు మాత్రము, ఈ దేశములో, నూరేండ్లు దాటినను మడత తువ్వాలు దగ్గరనే నిలిచిపోయినది.

ఆ చోటును కొంచెము పరికించి చూడవలెను. కడ్డీమీద కూర్చున్న బిడ్డ తండ్రి కనులయెదుట, రెండు చేతుల నడుమ నుండును. పడబోయినచో మోచేయి అడ్డుపడును. కాని కడ్డీ సన్నమైనది. రెండు మైళ్లు పోవునప్పటికి తొడలు తిమ్మిరెక్కును. నిద్ర వచ్చినచో తల హ్యాండిలుమీదికి వ్రాలును. అప్పుడు తండ్రి ఒక చేత బిడ్డ నుదురు పట్టుకొని, రెండవ చేతితోనే బండి నడుపవలసి వచ్చును. వెనుకనున్న క్యారియరు వెడల్పైనది, కూర్చుండుటకు సుఖమైనది. అయితే అచ్చట బిడ్డ కంటికి కనబడడు. కాలు మోపుటకు ఆధారము లేక పాదములు రెండు ప్రక్కల వ్రేలాడుచుండును. నిద్రమత్తులోనో ఆటలోనో ఒక పాదము లోపలికి జరిగినచో, తిరుగుచున్న చక్రపు చువ్వలు దానిని ఫ్రేమునకేసి ఈడ్చుకొనును. సైకిలు నెమ్మదిగా పోవుచున్నను ఇది తప్పదు. మడమ చర్మము ఊడివచ్చును. ఒక్కొక్కప్పుడు ఎముకయు విరుగును. ఈ గాయమునకు వైద్యులు చువ్వల గాయమని ప్రత్యేకముగా పేరే పెట్టియున్నారు.

దీనికి క్రొత్తగా మందు కనిపెట్టవలసిన పని లేదు. పాతకాలపు లేడీస్ సైకిళ్లకు వెనుక మడ్‌గార్డు నుండి చక్రపు ఇరుసు వరకు దారముతో అల్లిన వల యుండెడిది. చీరకుచ్చెళ్లు చక్రములో చిక్కుకొనకుండుటకు అది ఏర్పాటు. చీరకొరకు తోచిన వల మడమకొరకు ఎవరికిని తోచలేదు! క్యారియరునకు ఇరువైపుల ఒక జాలీ, పాదము మోపుటకొక ఇనుపరేకు, వీపునకొక చిన్న ఆనుపు, నడుమునకొక పట్టీ. ఇది వీథిచివర వెల్డింగు దుకాణమువాడు ఒక పూటలో చేయగల పని. అయినను సైకిలు కొనవచ్చినవానికి దుకాణదారుడు తాళము చూపును, గంట చూపును, స్టాండు చూపును. ఇంట బిడ్డ యున్నదా అని అడుగడు. స్టాండు మాటకు వచ్చినచో, నిలిపిన సైకిలుమీద బిడ్డను విడిచి చిల్లర తెచ్చుకొనుటకు దుకాణములోనికి పోవుట అన్నిటికంటె చెడ్డ అలవాటు. నడచుచున్న సైకిలు కంటె నిలిచియున్న సైకిలే సులభముగా ఒరుగును.

కడ్డీ విలువ తల్లులకు బాగుగా తెలియును. 1990 దశకపు తొలి సంవత్సరములలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాయందు అక్షరాస్యతోద్యమము సాగినప్పుడు, నాటి కలెక్టరు షీలారాణి చుంకత్ చొరవతో, చదువుతోపాటు సైకిలు తొక్కుటయు స్త్రీలకు నేర్పిరి. (అదే కాలమున నెల్లూరు జిల్లాలో అక్షరములు నేర్చిన స్త్రీలు సారా దుకాణములమీదికి నడచిరి. చదువు ఎచ్చట ఏ రూపు దాల్చునో ముందుగా చెప్పుట కష్టము.) పుదుక్కోట్టైలో వేలకొలది పల్లెపడుచులు సైకిలెక్కిరి. లేడీస్ సైకిళ్లు చాలక పురుషుల సైకిళ్లు తీసికొన్నవారిలో కొందరు అవియే మేలని యెంచిరి. కారణము విచిత్రమైనది కాదు: ఆ కడ్డీమీద బిడ్డను కూర్చుండబెట్టుకొనవచ్చును. ఈ సంగతిని పత్రికారచయిత పాలగుమ్మి సాయినాథ్ తన వ్యాసములో నమోదు చేసెను. స్త్రీకి తగిన సైకిలని తలచి కడ్డీని తొలగించిన పెద్దమనుష్యులు ఆమె కట్టును చూచిరి. ఆమె చంకనున్న బిడ్డను చూడలేదు. ఒక జిల్లా స్త్రీలు ఆ లోపమును ఏ పరిశోధనాలయమును అడుగకయే కనిపెట్టిరి.

ఇంతవరకు చెప్పినది కూర్చుండనేర్చిన పిల్లల సంగతి. చంటిబిడ్డల మాట వేరు. మెడ గట్టిపడని శిశువునకు తలయే పెద్ద బరువు. దానిమీద హెల్మెటు పెట్టినచో బరువు మరింత పెరుగును. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రపు చట్టము ఏడాది నిండని శిశువును సైకిలుపై తీసికొనిపోరాదని నిషేధించినది. ఏడాది నిండి ఐదేండ్లు నిండని వారికి ప్రత్యేకమైన సీటును, హెల్మెటును తప్పనిసరి చేసినది. నెదర్లాండ్సులోనో, నెలల బిడ్డను సైకిలు ముందరి పెట్టెలో శిశుపీఠముననుంచి, తల్లి వానలో తొక్కుకొనిపోవుట వీథులలో నిత్యము కనబడును. అచ్చటి నియమము ఒక్కటి: ఎనిమిదేండ్లలోపు బిడ్డకు వీపునకును, చేతులకును, పాదములకును ఆధారముగల సీటు ఉండవలెను. సాధారణమైన సైకిలెక్కువారికి హెల్మెటు నిర్బంధము లేదు. బిడ్డల మెడలు రెండు చోట్లను ఒక్కటే, రోడ్లే వేరు. వేగముగా పోవు కార్ల నడుమ తిరుగవలసిన సైకిలునకు ఒక న్యాయము, కార్లకు దూరముగా తనకంటూ దారిగల సైకిలునకు ఒక న్యాయము. తెలుగుదేశపు రోడ్లను చూచినవారు చంటిబిడ్డ విషయమున న్యూయార్కు చట్టమునే మెచ్చుకొందురు, మెచ్చుకొనవలెను కూడ.

అయితే నెదర్లాండ్సువారికి ఆ దారి పుట్టుకతో వచ్చినది కాదు. ఆ దేశమునకు సైకిలు జాతిలక్షణమని, అది చదునైన నేల మహిమయని పలుకుట సులభము. రెండవ ప్రపంచయుద్ధము తరువాత అచ్చటను కార్లు వీథులను ఆక్రమించెను. సైకిలు దారులను త్రవ్వివేసిరి. 1971లో ఆ చిన్నదేశమున రోడ్లమీద 3,200 మందికి పైగా మరణించిరి. వారిలో 400 మందికి పైగా పిల్లలు. తన కుమార్తెను రోడ్డుప్రమాదములో కోల్పోయిన విక్ లాంగెన్‌హోఫ్ అను పత్రికారచయిత 1972లో ఒక వ్యాసము వ్రాసెను. దాని శీర్షికయే, ‘పిల్లల హత్య ఆపుడు’ అను అర్థముగల ఆ మాటయే, ఒక ఉద్యమమునకు పేరయ్యెను. తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని రోడ్లమీద బైఠాయించిరి. ఆమ్‌స్టర్‌డామ్ నగరములో డి పెయిప్ అను ఇరుకైన పేటలో పిల్లలే ఆడుకొనుటకు చోటు కావలెనని వీథికి అడ్డుకట్టలు వేసిరి. 1973లో చమురు కొరత వచ్చి, కొన్ని ఆదివారములు కార్లు నడుపరాదని ప్రభుత్వము ఆజ్ఞాపించినప్పుడు, నిశ్శబ్దమైన వీథి యెట్లుండునో జనులు కన్నులార చూచిరి. 1976లో ఇండ్ల నడుమ వీథులలో కారు నడకవేగమున పోవలెనను నియమము చట్టమయ్యెను. 21వ శతాబ్దపు మొదటి దశాబ్దము ముగియకమునుపే రోడ్డుమరణములు ఏడాదికి వెయ్యికి లోపునకు దిగెను.

గమనింపదగినది ఇది. ఆ తల్లిదండ్రులను, ‘మీ బిడ్డలను సైకిలేల ఎక్కించితిరి?’ అని అడిగి ప్రభుత్వము చేతులు దులుపుకొనలేదు. అడిగియుండినచో ఆ వీథులు నేడు కార్లవే.

డెన్మార్కులో 1984లో కోపెన్‌హాగెను నగరపు క్రిస్టియానియా పేటలో ఒక కమ్మరి తన ఇల్లాలికి కానుకగా ముందు పెట్టెగల మూడుచక్రముల సైకిలు చేసియిచ్చెను. నేడది వేలకొలది కుటుంబముల వాహనము. అట్టిది ఇచ్చటికి దిగుమతియైనచో కూలివాని ఏడాది సంపాదనయు చాలదు. సైకిలు ఇచ్చట రెండుగా చీలిపోయినది. ఒకటి లేనివాని అవసరము, మరొకటి కలవాని వ్యాయామము. రెండవదానికి వార్తాపత్రికలలో బొమ్మలు పడును.

ఇచ్చటి చట్టమునకు కడ్డీమీది పసివాడు కనబడనే లేదు. ఒకప్పుడు సైకిలుపై ఇద్దరెక్కినచో డబుల్సు నేరమని పోలీసువాడు చక్రములలోని గాలి తీసెడివాడు. ప్రభుత్వము సైకిలును కన్నెత్తి చూచిన కాలమది. 2022 ఫిబ్రవరిలో కేంద్ర మోటారు వాహనముల నియమములను సవరించి, మోటారుసైకిలుపై నాలుగేండ్లలోపు పిల్లలకు నడుపువానితో కలిపి కట్టు పట్టీ ఉండవలెననియు, తొమ్మిది నెలలు నిండినవారికి హెల్మెటు పెట్టవలెననియు, బండి వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదనియు నిర్ణయించిరి. ఏడాది గడువిచ్చి అమలులోనికి తెచ్చిరి. మంచి నిబంధన. ఎందరు పాటించుచున్నారో ఏ కూడలియందైనను నిలిచి లెక్కింపవచ్చును, వ్రేళ్లు చాలును. అయితే సైకిలు మోటారు వాహనము కాదు గనుక ఆ నియమములలో దానికి చోటు లేదు. 2011 జనగణనలో దేశములోని కుటుంబములలో దాదాపు 45 శాతమునకు సైకిలు కలదని తేలినది. నాడు మోటారు ద్విచక్రవాహనము కలవారు 21 శాతమే. ఆ తరువాత మోటారుసైకిళ్లు ఎంతయో పెరిగినవి, నిజమే. సైకిలును విడువలేని వారెవరో చెప్పనక్కరలేదు.

హైదరాబాదులో 2023 అక్టోబరున బాహ్యవలయ రహదారి వెంట 23 కిలోమీటర్ల సైకిలు దారిని ప్రారంభించిరి. పైన సౌరఫలకముల కప్పు. ఎండ తగులదు, వాన తగులదు. చూడముచ్చటైనది. దానిని తప్పుపట్టుట తగదు. కాని అంగన్‌వాడీకి పోవు పసివాడు ఆ దారిని పోడు. వాని దారి ఇంటినుండి కిలోమీటరున్నర: మురుగుకాలువ ప్రక్కన సందు, సందు చివర మూత లేని గొయ్యి, ఆపైన సిమెంటు లారీలు తిరుగు పెద్దరోడ్డు, దానిని దాటుట, మరల సందు. ప్రతి దినమును తండ్రి ప్రాణములు గుప్పిట పెట్టుకొనుట ఆ దాటుడుచోటుననే. అచ్చట రోడ్డుకు అడ్డముగా ఒక మిట్ట, దూరమునుండి కనబడు చారలు, అంగన్‌వాడీకి ఇరువైపుల రెండువందల గజముల వరకు గంటకు 30 కిలోమీటర్లు మించని వేగము. 23 కిలోమీటర్ల కప్పునకైన వ్యయములో ఎన్నవ వంతు దీనికి చాలునో పురపాలక ఇంజనీర్లే లెక్క వేయగలరు.

‘అట్టి రోడ్డుమీదికి బిడ్డను తెచ్చుటయే తప్పు’ అనువారి మాటలో కొంత సత్యము లేకపోలేదు. ప్రమాదము ప్రమాదమే, పేదరికము ఎముకలను గట్టిపరుపదు. కాని ఆ తండ్రికి ఎదుటనున్న దారులేవి? ఆటోకు దినము కూలిలో కొంత పోవును. నడచినచో కూలికి ఆలస్యమగును. అదియుగాక, భుజముమీద బిడ్డతో నడువవలసినదియు ఆ రోడ్డు అంచుననే, కాలిబాట లేదు. తాళము వేసిన ఇంట బిడ్డను విడిచిపోవుట మరొక దారి. అదియు జరుగుచునే యున్నది. వీటన్నిటి నడుమ అతడు సైకిలును ఎన్నుకొనెను, తువ్వాలు మడతపెట్టెను, తనకు చేతనైన భద్రత అంతవరకే. మిగిలినది అతని చేతిలో లేదు.

చేతిలోనున్నవారు చేయగల చిన్నపని ఒకటి వెంటనే కలదు. 2006లో బీహారు ప్రభుత్వము ఉన్నతపాఠశాల బాలికలకు సైకిలు కొనుటకు డబ్బిచ్చు పథకమును ప్రారంభించిన తరువాత అనేక రాష్ట్రములు ఆ త్రోవ పట్టినవి. ఆంధ్రప్రదేశములోను ‘బడికొస్తా’ అను పేర కొంతకాలము తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లు పంచిరి. ఇకముందు ఎచ్చట పంచినను, ఏ ప్రభుత్వము పంచినను, కొనుగోలు పత్రములో రెండు పంక్తులు చేర్చవచ్చును: వెనుకచక్రమునకు రెండువైపుల జాలీ యుండవలెను, క్యారియరు క్రింద పాదము మోపుటకు రేకు లుండవలెను. పదునాలుగేండ్ల పిల్లకు అవి యేల అని అధికారి ప్రశ్నింపవచ్చును. ఆమె బడికి పోవుదారిలోనే అంగన్‌వాడీయు ఉండును. తల్లి పొలమునకు పోయిన పిదప తమ్ముని దింపవలసినది ఆమెయే. వాడు కూర్చుండునది ఆ క్యారియరుమీదనే.